పళ్ళెం చప్పుడుకి బెదరని తెల్లపిల్ల

చింతపల్లి నుంచి లంబసింగి వెళ్ళే దారిలో తారురోడ్డు వదిలి రెండు మైళ్ళు పైకెక్కితే పనసలబంద అని ముప్పై గడపల ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం కుక్కపిల్లల్ని అమ్మదు, ఊరికే ఇస్తుంది. అయినా ఆమె చేతి నుంచి ఒక పిల్లని తెచ్చుకోవడం కంటే ఆధార్ కార్డులో తప్పు పడ్డ పేరు దిద్దించుకోవడం తేలికని చుట్టుపక్కల వాళ్ళు అంటారు.

నూకరత్నానికి యాభై రెండేళ్ళు. భర్త సుక్రు మాటలు తక్కువ మనిషి. ఎకరన్నర కాఫీ తోట, చెట్లకి పాకించిన మిరియాల తీగలు, ఆరు మేకలు, ఒక ఆడకుక్క వాళ్ళ సంసారం. కుక్క నల్లగా గుండ్రంగా ఉంటుంది కనక దాని పేరు మిరియం.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే, అడిగినవాళ్ళకి అడిగిన పిల్లని చేతిలో పెట్టేది. పన్నెండేళ్ళ కిందట, బొద్దుగా ముద్దొస్తోందని ఒక ఎర్ర పిల్లని సొంత ఆడపడుచు గంగకి ఇచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి అది గంగ కోళ్ళని పదకొండింటిని తినేసింది. పన్నెండోది నూకాలమ్మకి మొక్కిన పుంజు. అదీ పోయింది. ఆ దెబ్బకి వదినా ఆడపడుచుల మధ్య రెండేళ్ళు మాటల్లేవు. సంతలో ఎదురుపడితే ఇద్దరూ సుక్రుని మధ్యలో నిలబెట్టి, "మీ సెల్లిని పక్కకి జరగమను" అని ఒకరు, "మీ ఆవిడనే జరగమను అన్నియ్యా" అని ఒకరు అనుకునేవారు. ఎవరూ జరక్కపోతే సుక్రే జరిగేవాడు.

ఆ రెండేళ్ళూ నూకరత్నం ఆలోచించింది. ఆ ఎర్ర పిల్ల నడక సరిగ్గా రాకముందే కోడి అరిస్తే అటు తల తిప్పేది. నెలన్నరకే పొట్ట నేలకి ఆనించి కోడిపిల్లల వెనక పాకేది. చూసి నవ్వుకుందే గాని అర్థం చేసుకోలేదు. "ఆ గుంట నాకు ముందే సెప్పినాది. నానే పట్టించుకోనేదు" అని సుక్రుతో అంది. కుక్క తప్పు కాదు, గంగ తప్పు కాదు. కోళ్ళున్న ఇంటికి ఆ పిల్లని పంపిన తన తప్పు.

అప్పటినుంచి ఏడు వారాలు నిండితే గాని పిల్లని తల్లి నుంచి విడదీయదు. నిండిన మర్నాడు పొద్దున్నే, పాలు తాగకముందు, కాఫీ గింజలు ఆరబోసే కల్లంలోకి ఒక్కొక్కదాన్నే ఒంటరిగా తెస్తుంది. కిందికి దింపి తను నడిచి వెళ్ళిపోతుంది. వెంటపడి వచ్చేదేది, తన దారిన తాను పోయేదేది చూస్తుంది. తర్వాత అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద వేళ్ళు ఆనించి, ముప్పై లెక్కపెడుతుంది. కొన్ని తన్నుకుని తన్నుకుని ఊరుకుంటాయి. కొన్ని చివరిదాకా కొరుకుతాయి. కొన్ని మొదటినుంచీ 'నీ ఇష్టం తల్లీ' అన్నట్టు పడుంటాయి. పిల్లలున్న కోడిపెట్టని గంప కింద పెట్టి చూపిస్తుంది. అన్నిటికంటే ఆఖరున, పిల్ల వెనక నిలబడి, స్టీలు పళ్ళాన్ని రాతి మీద పడేస్తుంది.

"బయపడితే తప్పేటి? నానూ బయపడతాను," అంటుంది అడిగినవాళ్ళతో. "బయపడ్డాక ఏటి సేత్తదో అది సూడాల. పారిపోయి మరి రాకపోతే, గోల లేని ఇంటికి. పారిపోయి, మళ్ళీ వచ్చి పళ్ళేన్ని వాసన సూత్తే, అది ఎక్కడైనా బతుకుతాది. పళ్ళెం మీద కలబడితే మేకల మందకి."

పిల్లలకి పరీక్ష పెట్టి ఊరుకుంటే ఊరివాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. ఆమె ఇళ్ళకి కూడా పెడుతుంది. కుక్క కావాలన్న వాళ్ళింటికి వెళ్ళి టీ అడుగుతుంది. తాగుతూ తాగుతూ గ్లాసు జారవిడుస్తుంది. ఎవరు అరిచారు, ఎవరు నవ్వారు, ఎవరు గుడ్డ తెచ్చి తుడిచారు అని చూసి లేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది కనక, ఆమె వస్తోందంటే పెళ్ళిచూపుల్లాగా ఇల్లంతా సర్దుకుని కూర్చుంటారు. గ్లాసు పడగానే ఇంటిల్లిపాదీ గుడ్డలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అంగన్‌వాడీ సరళ ఇంట్లో ఒకసారి గ్లాసు పడకముందే గుడ్డ తెచ్చారు.

పోయినేడు కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో మిరియానికి నాలుగు పిల్లలు పుట్టాయి. ఒకటి నల్లది, ఒకటి మచ్చలది, ఒకటి గోధుమరంగుది. నాలుగోది పాలనురుగులా తెల్లనిది, ఒక కన్ను నీలం. పరీక్ష రోజున, సంతలో ఈ మాట విని ఒకాయన పైకొచ్చాడు. పేరు లక్ష్మీప్రసాద్. చింతపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా. భార్యాపిల్లలు అనకాపల్లిలో, ఆయన ఇక్కడ అద్దెగదుల్లో. మంచి మనిషే గాని నోరు మూతపడదు. షేర్ జీపులో ఆయన ఎక్కితే పక్కవాళ్ళు నిద్ర నటిస్తారు. ఆయన వాళ్ళని తట్టి లేపి చెబుతాడు.

"నూకరత్నం గారంటే మీరేనా అమ్మా? నాకు మంచి కోపిష్టి కుక్క కావాలి. ఎందుకంటే మొన్న నా గదిలో దొంగ పడ్డాడు. పడి ఏం పట్టుకెళ్ళాడో తెలుసా? కుక్కరు మూత! కుక్కరు వదిలేసి మూత! మూత లేని కుక్కరు నాకెందుకు, కుక్కరు లేని మూత వాడికెందుకు? అసలు నేను పోలీసులతో కూడా అదే అన్నాను..."

"కూకో బాబూ," అంది నూకరత్నం. కొండమీద అందరికీ నువ్వే, మీరు లేదు. "సూత్తా కూకో. మాటాడకు."

ఆయన కూర్చున్నాడు. మాట్లాడడం మాత్రం మానలేదు.

నల్లది పళ్ళెం చప్పుడుకి ఎగిరి గెంతి, మూడు అడుగులు పారిపోయి, తిరిగొచ్చి మొరిగింది. మచ్చలది పళ్ళెం అంచు పట్టి లాగింది. గోధుమరంగుది సుక్రు పంచెలో దూరి సాయంత్రందాకా రాలేదు. చివరికి తెల్లదాని వంతు. అది కల్లం మధ్యలో కూర్చుని ఒక కాఫీ ఆకుని చూస్తోంది. వెనక పళ్ళెం పడింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. సుక్రు ఉలిక్కిపడ్డాడు. తెల్లపిల్ల ఆకుని చూస్తూనే ఉంది.

నూకరత్నం పళ్ళెం తీసి మళ్ళీ పడేసింది. ఈసారి ఇంకాస్త ఎత్తు నుంచి. తెల్లపిల్ల ఆవులించింది.

"ఓలమ్మో!" అంది నూకరత్నం. "పన్నెండేళ్ళలో ఇలాటి గుండెని సూడనేదు."

"అదే! అదే కావాలి నాకు! భీముడు! దాని పేరు భీముడు!" అని లక్ష్మీప్రసాద్ లేచి నిలబడ్డాడు.

ఆమె ఆయన వెనక్కి వెళ్ళి అదే పళ్ళాన్ని రాతి మీద పడేసింది. ఆయన భీముడికి కొనబోయే గొలుసు గురించి చెబుతున్నాడు. చప్పుడుకి మాట తడబడలేదు, తల తిరగలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారని ఆమెకి తోచింది. పిల్లని ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమంతా ఊళ్ళో ఆ పిల్ల ధైర్యం గురించే చెప్పింది.

మచ్చలది మేకల మంగ్లుకి, గోధుమరంగుది సరళకి పోయాయి. నల్లదానికి ఇల్లింకా కుదరలేదు.

మూడు వారాలకి, జీపు నడిపే సురేంద్ర కాఫీ బస్తాలు ఎక్కించుకోవడానికి వచ్చాడు.

"పిన్నీ, నీ తెల్లకుక్కకి దండమెట్టాల," అన్నాడు. "నిన్న రోడ్డు మద్దిన పడుకున్నాది. పదముగ్గురం జీపులో ఉన్నాం. అయిదు నిమసాలు హారన్ కొట్టినాను. కళ్ళు తెరిస్తే ఒట్టు! ఆకరికి నానే దిగి ఎత్తి పక్కనెట్టినాను. అప్పుడు లేచి, తోకాడించి, నా సెయ్యి నాకినాది. ఏటి దైర్యం!"

బస్తా మూతి కుడుతున్న నూకరత్నం చెయ్యి ఆగిపోయింది. ధైర్యమున్న కుక్క జీపు వస్తే లేచి నిలబడుతుంది, మొరుగుతుంది, కనీసం ఒక కన్నైనా తెరుస్తుంది. ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నం వేళకి పిలిస్తే తక్కిన మూడూ పరిగెత్తుకొచ్చేవి. తెల్లది, అవి తనని తొక్కుకుంటూ పోతే గాని లేచేది కాదు. పెద్దమనిషి తరహా అనుకుంది. మిరియం గుర్రుమంటే మూడూ పాలు వదిలేసేవి, తెల్లది వదిలేది కాదు. మొండిఘటం అనుకుంది.

"గుండె కాదురా సురేంద్రా," అంది. "సెవుడు."

సుక్రు ఇంట్లోంచి తొంగిచూసి, "మరే," అన్నాడు.

"నీకు తెలుసేటి?"

"అనుకున్నాను."

"మరి సెప్పనేదేటి?"

"నువ్వు శానా సంబరంగా ఉన్నావు," అన్నాడు సుక్రు.

ఆ మర్నాడు ఆమె నల్లపిల్లని గంపలో పెట్టుకుని అదే జీపులో చింతపల్లి దిగింది. చెవుడున్న పిల్లని రోడ్డు పక్క ఇంటికి, కాపలాకి ఇచ్చింది తను. గంగ కోళ్ళ కంటే ఇది పెద్ద తప్పని దారంతా గొణుక్కుంది. తెల్లదాన్ని వెనక్కి తెచ్చి, నల్లదాన్ని ఇచ్చి, దండం పెట్టి రావాలన్నది ఆమె ఆలోచన.

లక్ష్మీప్రసాద్ వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా భీముడు. ఆయన మాట్లాడుతున్నాడు. ట్రాన్స్‌ఫర్ అర్జీ మూడోసారి తిరిగొచ్చిన సంగతి, పొద్దున తిన్న ఇడ్లీల వల్ల కడుపుబ్బరం, అనకాపల్లిలో కొడుకు లెక్కల మార్కులు. భీముడు ముందుకాళ్ళు చాపి, తల కొంచెం వంచి, ఆ నీలం కన్నూ నల్ల కన్నూ ఆయన మొహం మీదే నిలిపి కూర్చుంది. ఆయన చెయ్యి అటు ఊపితే అటు, ఇటు ఊపితే ఇటు చూస్తోంది. ఆయన నవ్వితే తోక ఊపుతోంది.

"రండమ్మా, రండి! చూశారా దీని బుద్ధి? ఒక్క మాట పొల్లుపోనివ్వదు!"

నూకరత్నం గంప దించి, వంటింట్లోకి వెళ్ళి మూత లేని కుక్కర్ని తెచ్చి, భీముడి వెనక నిలబడి గరిటెతో మోగించింది. పక్క వాటాలోంచి మనుషులు బయటికొచ్చారు. గంపలో నల్లపిల్ల గోల పెట్టింది. భీముడు కదల్లేదు.

"దీనికి సెవుడు బాబూ. నాదే తప్పు. పళ్ళేనికి బెదరకపోతే దైర్యమనుకున్నాను."

"చెవుడేమిటి? నేను చెప్పేదంతా వింటుంటే!"

"ఎనక్కెళ్ళి పిలు."

ఆయన దాని వెనక్కి వెళ్ళి, "భీముడూ!" అన్నాడు. తర్వాత "భీమా!" అన్నాడు. తర్వాత ఆఫీసులో ఫైలు పోయినప్పుడు అరిచినంత గట్టిగా అరిచాడు. అది ఖాళీ కుర్చీని చూస్తూ, ఆయన ఎక్కడికి పోయాడా అని దిక్కులు చూడసాగింది.

లక్ష్మీప్రసాద్ మెల్లగా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. భీముడు ఆయన్ని చూసి ఒళ్ళోకెక్కింది. చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. పక్కవాటా వాళ్ళకి ఏదో అయిందని భయమేసి మంచినీళ్ళు తెచ్చారు.

"ఈ నల్లదాన్ని ఉంచుకో బాబూ. శానా బాగా మొరుగుతాది. తెల్లదాన్ని నాను అట్టుకెల్తాను. రోడ్డు పక్క బతకలేదది."

"ఇవ్వను," అన్నాడాయన.

"కాపలా కాయదు బాబూ."

"మా ఆఫీసులో చెవులున్నవాళ్ళు ఏడుగురున్నారమ్మా. ఒక్కడూ వినడు. జీపులో పదమూడుమందుంటారు. నేనెక్కగానే నిద్రపోతారు. నిద్ర కాదని నాకు తెలీదా? మా ఇంటిది ఫోను టేబుల్ మీద పెట్టి వంట చేసుకుంటుంది, కుక్కరు విజిల్ నాకు వినిపిస్తూనే ఉంటుంది." ఆయన దాని చెవి నిమిరాడు. "ఇది నా మొహంలోకి చూస్తుంది. దొంగ వస్తే రానీ. ఇంక పట్టుకెళ్ళడానికి ఏముంది?"

నూకరత్నం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. గ్లాసులు జారవిడిచి చూడాల్సిన అవసరం ఇప్పుడు కనబడలేదు. కొంగు బిగించి మెట్టు మీద కూర్చుంది.

"అయితే ఇను. నిద్దరోతున్నప్పుడు ఒక్కసారిగా ముట్టుకోకు, ఉలిక్కిపడి కొరుకుతాది. ముక్కు దగ్గర సెయ్యెట్టు, వాసనకి లేత్తది. పిలవాలంటే నేల మీద కాలితో తన్ను, అదురు తెలిసి సూత్తది. రా అంటే ఇలగ, కూకో అంటే ఇలగ, వొద్దంటే ఇలగ. రోజూ అవే సైగలు సెయ్యి, మార్చకు. తాడు లేకుండా రోడ్డెక్కనీకు. ఇన్నావా?"

"విన్నానమ్మా," అన్నాడు లక్ష్మీప్రసాద్. ఆ గదుల్లో దిగాక ఆయన ఇంతసేపు ఎదుటివాళ్ళు చెప్పింది వినడం అదే మొదలని పక్కవాటా వాళ్ళు తర్వాత అన్నారు.

వెళ్ళేముందు ఆమె ఎదురుకొట్లో ఒక మేకగంట కొనుక్కొచ్చి భీముడి మెడకి కట్టింది. "దీనికి వినపడదు గదా?" అన్నాడాయన. "దీనికి కాదు, నీకు," అంది.

నల్లపిల్ల గంపలోనే తిరిగొచ్చింది. సుక్రు దాన్ని ఎత్తుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. మొదటినుంచీ అతనికి అదే కావాలని, అడిగితే తనకీ పరీక్ష పెడుతుందని భయపడి ఊరుకున్నాడని నూకరత్నానికి ఆ పూటే తెలిసింది. ఆమె దానికి అన్నం కలిపి పెట్టింది.

వేసవిలో లక్ష్మీప్రసాద్‌కి అనకాపల్లికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. భీముణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సురేంద్ర జీపులోనే ఘాట్ దిగాడు. దారి పొడుగునా దానితోనే మాట్లాడాడు. వెనకవాళ్ళు హాయిగా మెలకువగా ఉన్నారట.

నెల తిరక్కుండా ఆయన భార్య మాధవి ఫోను చేసింది. "రత్నమ్మగారూ, ఏం మందు పెట్టారో గానీ, ఇంట్లో మేం ఎంత హాయిగా ఉన్నామో! ఆఫీసు సంగతులన్నీ దానికే చెప్పుకుంటున్నారు. మా మావగారు కూడా మా దగ్గరికే వచ్చారండీ. ఆయనదీ ఇదే తరహా. అలాంటిదే ఇంకొకటి దొరుకుతుందా?"

మిరియం అప్పటికి మళ్ళీ ఈనింది. నూకరత్నం ఫోను చెవిన పెట్టుకునే పొయ్యి దగ్గరికి వెళ్ళి, పిల్లల వెనక నిలబడి, అడుగు చప్పుడు కాకుండా నాలుకతో చిన్నగా టక్కుమనిపించింది. అయిదు తలలూ ఒక్కసారే తిరిగాయి.

"అయిదిటికీ సెవులు ఇనపడతన్నాయమ్మా," అంది. "ఏటి సేత్తాం."