శివలీల ఇచ్చిన మాట

కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెలో శివలీల ఆశా కార్యకర్త. బిడ్డకు టీకా వేయించాలన్నా, కాన్పుకు ఆటో పిలవాలన్నా ఊళ్ళో అందరూ ముందు ఆమె గడపే తొక్కేవాళ్ళు.

ఆ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నలభై దాటితే నడుము వంగదు, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. కొన్నేళ్ళ కిందట పట్నం నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. రమణి అనే శాస్త్రవేత్త దానికి పెద్ద. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. ఎవరింట్లో మజ్జిగ ఇచ్చినా తాగేది. రక్తం ఇవ్వడానికి జనం జంకితే శివలీలే ఇల్లిల్లూ తిరిగింది.

"మీ నెత్తురులో ఏముండాదో వాళ్ళు సూసి చెప్తారు. నాది పూచీ," అంది.

పక్కింటి గురమ్మ అందరికంటే ముందు వచ్చి రక్తం ఇచ్చింది. కూలికి పోయి బతికే మనిషి. అప్పటికే పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

బృందం వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ రాలేదు. శివలీల కనబడితే చాలు, "ఏమాయ పాపా నా నెత్తురు? ఏమన్నా చెప్పిరా?" అని గురమ్మ అడిగేది. మిగతావాళ్ళు అంత మెత్తగా అడగలేదు. మన నెత్తురు అమ్ముకున్నారన్నాడు ఈరప్ప అనే రైతు. అందులో శివలీలకూ వాటా ఉందన్నారు ఇంకొందరు. పోలియో చుక్కలకు వెళ్ళినా కొన్ని తలుపులు తెరుచుకోలేదు.

చివరికి శివలీల రమణికి ఫోన్ చేసింది.

"ప్రాజెక్టు అయిపోయిందక్కా. నేనిప్పుడు వేరే పనిలో ఉన్నాను. మీ ఊరి మీద ఇంగ్లీషులో పెద్ద వ్యాసం వచ్చింది."

"గురమ్మకు ఏమని చెప్పల్ల మేడం?"

"ఎవరి రక్తమో బయటపడకూడదని పేర్లు తీసేసి నంబర్లు వేశాం. పని ముగిశాక ఏ నంబరు ఎవరిదో తెలిపే వివరాలు కూడా చెరిపేశారు. అది మీ మేలు కోరి పెట్టిన నియమమే. అంతకుముందే వచ్చి అందరికీ చెప్పాలనుకున్నాను. నిధులు ఆగిపోయాయి." కోపం తెచ్చుకుందామన్నా శివలీలకు మనిషి దొరకలేదు.

పోయిన ఎండాకాలం రక్తం పరీక్షలకే ఇంకో బృందం వచ్చింది. వీళ్ళ పద్ధతి వేరు. ముందు ఊరిని అడగాలట. ఎవరి ఫలితం వాళ్ళకు తెలుగులో చెప్పాలట. బడి వరండాలో అందరితో పాటు నేల మీదే కూర్చున్నారు.

"మీరు ఔనంటేనే చేస్తాం. ఒప్పుకునేవాళ్ళు లేచి చెప్పండి," అన్నాడు వాళ్ళ పెద్ద సోమశేఖర్.

"ముందొచ్చినోళ్ళూ ఇట్లనే తియ్యగా మాట్లాడిరప్పా," అన్నాడు ఈరప్ప.

సోమశేఖర్ శివలీల వైపు తిరిగాడు. "మీరొక మాట చెప్పండమ్మా."

శివలీల లేచి నిలబడింది. వీళ్ళు నిజంగానే చెప్తారని ఆమెకు అనిపించింది. పోయినసారీ అలాగే అనిపించింది. "నేనేమీ చెప్పలేను సార్," అని కూర్చుంది. ఇంకెవరూ లేవలేదు. వాళ్ళు ఎవరినీ బలవంతపెట్టలేదు. మంచినీళ్ళు తాగి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం గురమ్మ మెల్లగా వచ్చి శివలీల అరుగు మీద కూలబడింది. "వాళ్ళింక రారా పాపా?"

"ఊరంతా వద్దనిరి గదత్తా."

"నేను వద్దనలేదే. లేద్దామని శానాసేపు సూస్తి. మోకాళ్ళు లేయనీలేదు. సెయ్యి పట్టుకోమని అడిగేకి అందర్లో నామోషీ ఆయ."

శివలీల అక్కడే కూర్చుని సోమశేఖర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఓపికగా విన్నాడు. ఊరు కాదన్నాక ఒక్కరి కోసం రావడానికి నియమం ఒప్పుకోదన్నాడు. పక్క మండలంలో ఇంకో ఊరు సరేనందని, పని అక్కడ మొదలవుతుందని చెప్పాడు.

"ఏమంటాండారు?" అంది గురమ్మ.

శివలీల ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ ఊరోళ్ళకన్నా చెప్తారులే," అంది గురమ్మ.

శివలీల ఆమెను రెండు చేతులా పట్టి లేపి, ఇంటిదాకా నడిపించింది.