సూఫెన్ పెట్టనన్న సంతకం

నేను చైనాలోని వూషీ పంపుల ఫ్యాక్టరీలో దుబాసీగా చేరేనాటికే యిన్ సూఫెన్ అక్కడ ఇరవై ఏళ్లుగా లోహాన్ని చెక్కే లేతు యంత్రం మీద పనిచేస్తోంది. చదువు మిడిల్ స్కూలుతో ఆగిపోయింది గానీ, చేతిరాత అచ్చు గుద్దినట్టుండేది. 1987లో ఒక స్వీడన్ కంపెనీతో ఒప్పందం కుదిరినప్పుడు ఆ చేతిరాతే ఆమెను లేతు దగ్గర్నుంచి లేపి బల్ల ముందు కూర్చోబెట్టింది.

ఒప్పందంలో షరతు సూటిగా ఉంది. వాళ్ల పంపులు మా దేశంలో అమ్ముకోవాలంటే, ఆ పంపు చేసే విద్య మొత్తం మాకు అప్పగించాలి. అలా అప్పగించాల్సినవి మూడొందల నలభై అంశాలు. ప్రతిదాని ఎదుటా 'అందింది' అని రాసి సంతకం పెట్టే మనిషి సూఫెన్. ఇంజినీర్లెవరూ ఆ పనికి ముందుకు రాలేదు. రేపు తేడా వస్తే అది సంతకం పెట్టినవాళ్ల మెడకే చుట్టుకుంటుందని వాళ్లకు తెలుసు.

మూడొందల ముప్పై తొమ్మిదింటికి ఆమె సంతకం పెట్టేసింది. రెండొందల పదిహేడో అంశం దగ్గర మాత్రం కలం కదల్లేదు.

అది ఇరుసు పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే నల్లటి రింగు. దాని ముఖాన్ని అద్దంలా నున్నగా చేయాలి. స్వీడన్ వాళ్ల కాగితంలో ఉన్నది ఇంతే: ఇనుప పలక మీద గరుకుపొడి కలిపిన రాపిడి ముద్ద పూయండి, రింగును ఇరవై నిమిషాలు రుద్దండి, కడగండి. మావాళ్లు అక్షరాలా అలాగే చేశారు. పంపు తిప్పితే నీళ్లు ధారగా కారాయి.

నెలాఖరుకు ప్రావిన్సు అధికారులు వస్తున్నారు. డైరెక్టర్ బియన్ స్వయంగా ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"అన్నీ పెట్టినదానివి, ఈ ఒక్కటీ పెడితే నీ చెయ్యి అరిగిపోతుందా సూఫెన్?"

"నా చేతికేం సార్. రింగే సరిగ్గా అరగడం లేదు."

"కాగితం అందిందా, లేదా?"

"కాగితం అందింది. విద్య అందలేదు. నన్ను రాయమన్నది విద్య గురించేగా?"

స్వీడన్ ఇంజినీరు రాగ్నర్‌కి ముప్పై ఏళ్లుంటాయి. మా క్యాంటీన్‌లో తియ్యటి పక్కటెముకల కూర రెండుసార్లు వడ్డించుకు తినే మంచివాడు. కానీ సంతకం పడితేనే వాళ్ల పంపులకు అమ్మకం అనుమతి. "అంతా రాసిచ్చాం. మీవాళ్లకే చదవడం రాదు" అని విసుక్కున్నాడు. నేను ఆ మాటను కాస్త మెత్తగా చేసి చెప్పాను.

"ఆయన అంత మర్యాదగా అన్నాడా మాస్టారూ? మొహం చూస్తే అలా లేదే!" అంది సూఫెన్. "సరే, ఆయన్నే రుద్దమనండి."

రాగ్నర్ చొక్కా చేతులు మడిచాడు. చేతిగడియారం చూసుకుంటూ సరిగ్గా ఇరవై నిమిషాలు రుద్దాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. పంపు తిప్పగానే నీళ్లు ఆయన బూట్ల మీదే పడ్డాయి. ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. చివరికి ఆయనా నవ్వాడు.

"మా ఊళ్లో ఈ పని గున్వోర్ అనే ఆవిడ చేస్తుంది."

"ఎలా చేస్తుందట?" అని అడిగింది సూఫెన్.

"తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

నెలాఖరుకు అధికారులు వచ్చి ఖాళీ గడి చూశారు. బియన్‌కి ముచ్చెమటలు పోశాయి. సూఫెన్ వాళ్లను తీసుకెళ్లి నీళ్లు కారుతున్న పంపు చూపించింది. వాళ్లలో పెద్దాయన ఇంకో నెల గడువిచ్చి వెళ్లాడు.

రాగ్నర్ కబురు పెడితే ఆ గడువులోనే గున్వోర్ దిగింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. ఆమె స్వీడిష్‌లో చెబితే రాగ్నర్ ఇంగ్లీషులోకి, నేను చైనీస్‌లోకి మార్చాలని ఏర్పాటు. రెండు వాక్యాల తర్వాత మాతో పని పడలేదు.

ఆమె రింగును ముట్టుకోనే లేదు. ఉక్కు స్కేలును పలక మీద నిలువుగా పెట్టి, వంగి చూసి, సూఫెన్‌ని చేత్తో పిలిచింది. స్కేలు కింద మధ్యలో వెలుగు సన్నగా తొంగిచూస్తోంది. అందరూ చేతికి అనువుగా ఉందని పలక మధ్యలోనే రుద్దడంతో అక్కడ గుంట పడింది.

"అయ్యో! పలకే వంకరైతే రింగేం చేస్తుంది పాపం!" అని సూఫెన్ నుదురు కొట్టుకుంది.

పలకను వేరే ఊరు పంపి చదును చేయించాలని గున్వోర్ సైగ చేసింది. వాళ్ల దగ్గర అలాగే చేస్తారట. సూఫెన్ తల అడ్డంగా ఊపి, ఇంకో రెండు పలకలు తెప్పించింది. మూడింటినీ మార్చి మార్చి ఒకదాని మీద ఒకటి రుద్దడం మొదలుపెట్టింది. తనకు లేతు పని నేర్పిన గురువు చూపించిన పద్ధతి అది. రెండే అయితే ఒకదాని గుంటలో ఇంకోదాని ఉబ్బు కుదిరిపోతుంది, మూడూ ఒకదానికొకటి అతకాలంటే చదును కావాల్సిందే. రెండు రోజులకు మూడూ చదునయ్యాయి. గున్వోర్ కళ్లజోడు పైకి తోసి, మళ్లీ మొదట్నుంచీ చేసి చూపించమంది.

"దీనికి వాళ్ల దగ్గర మనం సంతకం తీసుకోవద్దూ?" అన్నాడు బియన్. ఆ నెలలో ఆయన నవ్వగా చూడ్డం అదే మొదటిసారి.

తర్వాత గున్వోర్ రుద్దింది. పూసిన ముద్దలో ముప్పాతిక వంతు తుడిచేసింది. ఎనిమిది అంకె ఆకారంలో పలక అంచుల దాకా తిప్పుతూ, మధ్యమధ్య రింగును చేతిలో పావు వంతు మళ్లించింది. మర్నాడు సూఫెన్ తన చేత్తో చేసిన రింగును బిగించి, పంపు కింద పొడి న్యూస్‌పేపరు పరిచింది. సాయంత్రానికి కూడా పేపరు పొడిగానే ఉంది. అప్పుడు పెట్టింది సంతకం. కింద పదకొండు వరుసల్లో పద్ధతంతా రాసింది. వాళ్ల ఫ్యాక్టరీలో ఇది ఎక్కడా రాసిలేదని రాగ్నర్ నకలు పట్టుకెళ్లాడు.

రింగులు చేసే గదికి సూఫెన్‌నే పెద్దను చేశారు. రిటైరయ్యేలోగా నలభై మందికి పైగా నేర్పింది. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక, కొత్త ఒప్పందాల్లో విద్య అప్పగించాలనే షరతులు పెట్టకూడదని రూలు వచ్చింది. ఆ కబురు చెబుదామని ఇంటికి వెళితే, ఆమె మాంసం కూరిన పిండి పొట్లాలు, వొంటన్లు చుడుతోంది.

"షరతు లేకపోతే ఆ గున్వోర్ వచ్చేదంటారా మాస్టారూ?"

"వచ్చేది కాదేమో."

"షరతున్నా, నేను సంతకం పెట్టేసి ఉంటే వచ్చేది కాదు" అంది. "సరే, చేతులు కడుక్కుని రండి. పిండి ఆరిపోతోంది."