గుండీలక్క దాచిన క్యాప్సూల్స్

మా షాపుకి ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు గుండీలక్కది. ఆవిడకి అసలు పేరు వేరే ఉంది గానీ వీధిలో ఎవరూ దాన్ని వాడరు. గోడ నిండా గుండీల డబ్బాలే. ఊడిపోయిన గుండీకి జోడీ దొరకనివాళ్ళు నాలుగు వీధుల అవతలనుంచి కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. నాది మందుల షాపు. తొమ్మిదేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కా అనేవాణ్ణి, రోజుకోసారైనా పోట్లాడుకునేవాళ్ళం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

ఆవిడ మొగుడు సరుకు ఓడలో వంటవాడు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కూడితే మూడేళ్ళు కూడా రావట. ఈ మాట ఆవిడే ఒకసారి దారం పంటితో తెంపుతూ, ఎవరి సంసారం సంగతో చెప్పినట్టు చెప్పింది. పిల్లలు లేరు. రెండు మూడు నెలలకో ఉత్తరం. అప్పటికింకా జేబుల్లోకి ఫోన్లు రాలేదు. మా వీధికి ఫోనంటే నా షాపులోదే. అది మోగినప్పుడల్లా ఎదురుగా మిషను చప్పుడు ఆగిపోయేది. నేను తల అడ్డంగా ఊపగానే మళ్ళీ మొదలయ్యేది. తొమ్మిదేళ్ళలో అలా ఎన్నిసార్లు తల ఊపానో తలుచుకుంటే ఇప్పుడు మనసు పిండేసినట్టుంటుంది. అప్పుడు మాత్రం విసుగే వచ్చేది.

తొమ్మిదో ఏడు ఓ ఉదయం ఆ ఫోను ఆవిడ కోసమే మోగింది. ఓడ కంపెనీవాళ్ళు. రెండు వారాల్లో ఓడ రేవుకి వస్తుంది, ఒక్క పగలు ఆగుతుంది, మనుషులు గేటు దాటి బయటికి రాకూడదు, ఇంటివాళ్ళు కావాలంటే గేటు పక్క గదిలో కలవొచ్చు. రేవుకి బస్సులో నాలుగు గంటల ప్రయాణం. ఆవిడ మొగుణ్ణి చూసి అప్పటికి పద్నాలుగు నెలలైంది. ఫోను పెట్టేసి, కాసేపు నా కౌంటరు పట్టుకునే నిలబడింది.

"ఏంటక్కా, కాళ్ళు రావట్లేదా?" అన్నాను.

"నోర్ముయ్యి. చొక్కా గుడ్డ కొనాలి. ఏ రంగు బాగుంటుందో చెప్పు" అంది.

చొక్కా మొదలెట్టిన మర్నాడే సూది దిగింది. ఎడమచేతి చూపుడువేలు, గోరు పక్కన. మిషను ముందు కూర్చునేవాళ్ళకి అది మామూలే, నోట్లో పెట్టుకుని చప్పరించి పని చేసుకుపోతారు. ఆవిడా అంతే చేసింది. మూడోరోజుకి వేలు ఎర్రగా ఉబ్బి, పొద్దున్నే కత్తెర పట్టుకోలేక నా దగ్గరికి వచ్చింది. డాక్టరు దగ్గరికి తరిమాను. ఆయన యాంటీబయాటిక్ రాశాడు. క్యాప్సూల్స్, రోజుకి నాలుగు, ఏడు రోజులు.

ఇచ్చేముందు నేను అందర్నీ అడిగేదే ఆవిడనీ అడిగాను. "నీకు పడని మందులేమైనా ఉన్నాయా? వేరే మందులు వాడుతున్నావా?"

"పడని మందుల్లేవు. పడని మనుషులే, ఎదురుగా ఒకడున్నాడు" అంది.

కవరు మీద వేళలు పెద్దక్షరాలతో రాసి ఇచ్చాను. నొప్పి తగ్గినా సరే ఏడు రోజులూ వాడాలని, ఒక పూట మర్చిపోతే రెండు పూటలవీ కలిపి మింగకూడదని చెప్పాను. ఆవిడ ముద్దొచ్చేంత బుద్ధిగా తలూపింది. నేను నమ్మాను.

ఇక్కడ ఆవిడ పని తీరు గురించి చెప్పాలి. గుండీలక్క ఏది కుట్టినా లోపల కుట్టు పక్కన రెండు వేళ్ళ గుడ్డ వదిలేది. మనిషి లావెక్కితే విప్పుకోవడానికి. కత్తిరించిన ముక్క అగ్గిపెట్టంత ఉన్నా పారేసేది కాదు, ఎవరి మోచేతికో అతుకవుతుందని మడిచి పెట్టేది. చేతిలో ఉన్నదంతా ఒక్క పనికే ఖర్చుపెట్టడమంటే ఆవిడ దృష్టిలో చేతగాని దర్జీతనం. నేనిచ్చిన మందునీ ఆవిడ గుడ్డ లాగే చూసింది. నాలుగు రోజులకి వాపు తీసింది, నొప్పి పోయింది. అంటే కొలత సరిపోయింది. ఇంకా మిగిలినవి దాచాల్సినవే కదా!

ఐదోరోజు నల్లగుండీ కోసం వెళితే, డబ్బాలో గుండీల మీద క్యాప్సూల్స్ కనిపించాయి. ఒక నిండు స్ట్రిప్పు, కత్తిరించిన ముక్కలో ఇంకో రెండు. మొత్తం పన్నెండు.

"ఇవేంటి?" అన్నాను.

"ఆయనకి. పోయిన ఉత్తరంలో రాశాడు, కూరగాయల కత్తితో తెగి చెయ్యి చీము పట్టిందట. ఇరవై రోజులు బాధపడ్డాడట. నీళ్ళ మధ్యలో ఆయనకెవరున్నారు తమ్ముడూ? నాకైతే నువ్వున్నావు."

ఆ చివరి మాటకైనా నేను మెత్తబడాల్సింది. మెత్తబడలేదు. వేలు పైకి బాగున్నా లోపల పురుగు చావలేదని, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పెట్టడం ఆ మనిషికి విషం పెట్టినట్టేనని వీధంతా వినపడేలా అరిచాను. కొలతలిస్తున్న ఒక పెద్దావిడ భయపడి వెళ్ళిపోయింది.

"నా గిరాకీని తరమకు. నీ మందులు నువ్వమ్ముకో, నా మొగుడి సంగతి నేను చూసుకుంటా" అంది గుండీలక్క.

నేను అలిగాను. నలభై రెండేళ్ళ మనిషిని, చిన్నపిల్లాడిలా అలిగి ఎదురుగా చూడ్డం మానేశాను. కుర్చీ కూడా పక్కకి తిప్పుకున్నాను. ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి "వేలెలా ఉందక్కా" అని అడిగుంటే ఈ కథ ఉండేది కాదు. నన్ను నేను ఎన్ని రకాలుగా తిట్టుకున్నా ఆ మాట వెనక్కి వెళ్ళి అడగలేను.

ఓడ వచ్చే రోజు పొద్దున, షాపు తలుపు సగమే తెరిచాను, ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. కొత్త బట్టలు, తలకి నూనె, చంకలో కాగితంలో చుట్టిన చొక్కా. ఎడమ చెయ్యి సంచి వెనక పెట్టుకుంది.

"జ్వరం మాత్ర ఒక్కటి ఇవ్వు. బస్సుకి టైమైంది" అంది. నా మొహం చూడకుండా అంది.

"చెయ్యి చూపించు."

"వచ్చాక చూపిస్తా."

దగ్గరికి వెళ్ళి సంచి లాగేశాను. వేలు మళ్ళీ ఉబ్బింది, ఈసారి ముందుకంటే ఎక్కువ. అక్కణ్ణుంచి ఎర్రటి గీత ఒకటి మోచేతి దాకా పాకి ఉంది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. అలాంటి గీత కనపడితే గంట కూడా ఆలస్యం చెయ్యకూడదని నాకు తెలుసు.

"ఆసుపత్రికి పద."

"రేపు పొద్దున్నే వస్తాను తమ్ముడూ. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క పగలు. ఒక్క పగలు ఆగదా ఇది?"

"ఆగదక్కా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. కోపం రావాల్సిన చోట ఏడుపు రావడం నాకదే మొదటిసారి.

ఆసుపత్రిలో డాక్టరు చూడగానే మంచం ఇచ్చి సెలైను పెట్టించాడు. ఇంకో రోజు ఆగుంటే చెయ్యి కాదు, ప్రాణం సంగతి చూసుకోవాల్సి వచ్చేదన్నాడు. ఆవిడ అవేవీ వినలేదు. గోడ గడియారం వంకే చూస్తోంది. ఉన్నట్టుండి బాగున్న చేత్తో చొక్కా పొట్లం నా పొట్టకేసి నెట్టింది.

"రెండో బస్సుంది. నువ్వెళ్ళు. ఎవరూ రాకపోతే గేటు దగ్గర అలాగే నిలబడి ఉంటాడు. లోపలి జేబులో మందు పెట్టి కుట్టాను, చెయ్యి తెగితే వేసుకోమను."

ఆ స్థితిలో కూడా ఆ మాటే! బస్సులో నాలుగు గంటలూ ఆ జేబు తడుముతూ కూర్చున్నాను.

గేటు పక్క గదిలో రెండు బల్లలు, ఒక కుళాయి. ఆయన బల్ల మీద కూర్చోలేదు. తలుపుకేసి చూస్తూ నిలబడే ఉన్నాడు. నన్ను చూసి నా వెనక చూశాడు. నా వెనక ఎవరూ లేరని అర్థం కావడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. ఏం జరిగిందో అంతా చెప్పాను. అలగడం సంగతి కూడా దాచలేదు. చొక్కా ఇచ్చి, జేబు కుట్టు విప్పి స్ట్రిప్పు బయటికి తీశాను.

ఆయన దాన్ని తిప్పి పేరు చదివి, బల్ల మీద పెట్టేశాడు.

"ఓడలో మందుల పెట్టె ఉంటుంది బావా. రెండో ఆఫీసరు రేడియోలో డాక్టర్ని అడిగి ఇస్తాడు. నా చేతికీ అలాగే తగ్గింది" అన్నాడు. "పైగా ఈ రకం నాకు పడదు. చిన్నప్పుడు ఒకసారి వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి గొంతు మూసుకుపోయింది. ఓడ రిజిస్టర్లో నా పేరు పక్కన ఎర్రసిరాతో రాసుంటుంది. ఓడలో అందరికీ తెలుసు."

"అక్కకి తెలీదా?"

"ఎప్పుడు చెప్పాను?" అన్నాడు. నన్నడిగినట్టు లేదు.

తర్వాత ఆయన నన్ను ఆవిడ గురించి అడగడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు వచ్చిందా, ఉత్తరాల్లో అక్షరాలు పెద్దవయ్యాయి అన్నాడు. జుట్టు ఎంత నెరిసింది, ముందువైపా, చెవుల దగ్గరా? మిషను తొక్కుతూ ఇంకా లోపల్లోపల పాడుకుంటుందా? నవ్వితే బుగ్గ ఇంకా ఒకవైపే సొట్టపడుతుందా? నేను ఒక్కదానికి కూడా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తొమ్మిదేళ్ళు ఎదురుగా కూర్చున్నవాణ్ణి. నాకు ఆవిడ వేలు తెలుసు, ఆవిడ నోరు తెలుసు, అంతే.

"చూడలేదు బావా" అన్నాను.

"రోజూ కనపడుతుంది కదా" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తట్టుకునేవాణ్ణి.

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఆయన్ని చూడ్డం మొదలుపెట్టాను. సాయంత్రం ఓడ కూత వేసేదాకా కళ్ళు తిప్పలేదు.

వారం తర్వాత గుండీలక్క ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. వేలికి కట్టు, చేతిలో డాక్టరు రాసిన క్యాప్సూల్స్, ఇంకా పది రోజులవి. "ఇవి నీ ఎదురుగానే వేసుకుంటా. నువ్వు మళ్ళీ అరవకుండా" అంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేళ తప్పకుండా షాపుకి వచ్చేది. నేను గ్లాసుతో నీళ్ళిచ్చేవాణ్ణి. మింగి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఊఁ, చెప్పు" అనేది.

నేను చెప్పేవాణ్ణి. కిందివరసలో ఒక పన్ను ఊడిందనీ, అందుకని నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడనీ. ఎడమ మణికట్టు మీద కొత్తగా కాలిన మచ్చ ఉందనీ. నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాడనీ. చొక్కా అక్కడే తొడుక్కున్నాడు, భుజాల దగ్గర వదులైంది, చిక్కిపోయాడు. అది చెప్పకూడదనుకున్నాను గానీ ఆవిడ అడిగింది, అబద్ధం చెప్పలేకపోయాను. ఆ మందు ఆయనకి పడదన్న సంగతీ చెప్పాను. విని రెండు రోజులు మాట్లాడలేదు, కానీ వేళకి మాత్రం వచ్చింది. మూడోరోజు, "ఇంకా ఏమేం పడవట ఆయనకి?" అంది.

పదో రోజు సాయంత్రం ఆఖరి క్యాప్సూల్ మింగి, ఖాళీ స్ట్రిప్పు నా కౌంటరు మీద పెట్టింది. "చూసుకో, ఒక్కటీ దాచలేదు" అంది. వేలు పూర్తిగా మానింది. ఓడ మళ్ళీ మన రేవుకి వచ్చేది ఎప్పుడో కంపెనీవాళ్ళకే తెలీదు.

మర్నాడు పొద్దున అదే వేళకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. అలవాటు కొద్దీ నీళ్ళ గ్లాసు అందుకోబోయి ఆగాను.

"మందు అయిపోయింది కదక్కా" అన్నాను.

"తెలుసు" అంది. "నువ్వు చెప్పు."