ఎదుటి కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్

నేనుంటున్న ఇంటి అంకుల్ పోయారని మొన్న పొద్దున వాళ్లమ్మాయి నాకు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. గుండె ఆగిందట, ఆసుపత్రివాళ్లు ముందు తనకే చెప్పారట. తను ఏడవలేదు. "అన్నా, డాడీ చివరిదాకా క్లీన్‌గానే ఉన్నారా? ట్రూత్ చెప్పు" అని అడిగింది. ఉన్నారమ్మా అన్నాను. నమ్మిందో లేదో తెలియదు.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మావాళ్లంతా విమానాలెక్కుతున్న రోజుల్లో నేనూ సింగపూర్ వచ్చి, యీషున్‌లో ఆయన ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మత్తుమందు కేసులో జైలుకు వెళ్లొచ్చానని తాళంచెవి ఇవ్వకముందే చెప్పేశారు. "తర్వాత ఎవడో చెప్తే నువ్వు బెదిరిపోవడం దేనికి లా" అన్నారు, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి. ఆయన లోపల ఉండగానే భార్య పోయింది. కూతురు బుకిట్ బటోక్‌లో పిన్ని దగ్గర ఉండిపోయి, ఆయనతో మాట్లాడటం మానేసింది. నాకేమో ఈ ఊళ్లో తెలిసినవాళ్లే లేరు. అలా ఇద్దరం ఒకరికొకరం అయ్యాం.

మత్తు రోజుల పాత నేస్తాలు మా బ్లాక్ కిందే కూర్చునేవారు. అంకుల్ అటు రాకుండా, వానలోనైనా సరే, చుట్టూ తిరిగి ఇల్లు చేరేవారు. సాయంత్రమైతే మనసు మళ్లీ మత్తు వైపు పీకేదట. వెంటనే స్నానం చేసి, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్లి కడుపునిండా తినేవారు. "ఆకలి, కోపం, ఒంటరితనం మూడూ కలిస్తే మనిషిని లాక్కుపోతాయి అబ్బాయ్. ఆకలైనా మన చేతిలో ఉందిగా? ముందు మకాన్ చెయ్, కడుపునిండా తిను" అనేవారు. ఆఫీసులో చీవాట్లు తిని వచ్చిన రోజున నాకూ ఇదే వైద్యం.

ఇక్కడ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు చోప్ చేసినట్టే, ఇంకెవరూ కూర్చోరు. అంకుల్ ఒక్కరే తింటున్నా ఎదుటి కుర్చీ మీద ప్యాకెట్ పెట్టేవారు. పాత నేస్తం ఎవరైనా కూర్చోబోతే "నా కూతురొస్తా ఉంది" అనేవారు.

ఒకసారి ఆ నేస్తాల్లో ఒకడు నవ్వాడట. "నీ మొహం చూడని కూతురా?" అని ప్యాకెట్ పక్కకు తోసి కూర్చున్నాడు. అంకుల్ లేచి వెళ్లి, పబ్లిక్ ఫోన్ నుంచి నాకు ఫోన్ చేశారు. "అబ్బాయ్, రా" అన్నారు, అంతే. మేనేజర్ గుర్రుగా చూస్తున్నా పని వదిలేసి రైలెక్కాను. వెళ్లేసరికి ఆయన ఇంకా ఆ ఫోన్ పక్కనే నిలబడి ఉన్నారు. వాడు అప్పటికే విసిగి వెళ్లిపోయాడు. "నేను పోలేదురా, వాడితో పోలేదు" అన్నారు. ఆ పూట నన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి తినిపించారు.

ఇప్పుడు సాయంత్రాలు గడవడం కష్టంగా ఉంది. స్నానం చేస్తాను, ఆకలి మాత్రం వెయ్యదు.

దహనమయ్యాక అమ్మాయిని ఆ హాకర్ సెంటర్‌కే తీసుకెళ్లి ఇదంతా చెప్పాను. ఏ కుర్చీ అని అడిగి, అందులో కూర్చుంది. ఎదురుగా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ట్రే పట్టుకున్న ముసలాయన ఒకరు వచ్చి, అక్కడ కూర్చోవచ్చా అని చేత్తో సైగ చేశారు. అమ్మాయి బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఆ కుర్చీ మీద పెట్టింది.

"సారీ అంకుల్, మై ఫాదర్ కమింగ్ లా" అంది.