యంత్రానికి చేసిన సింగారం

విమానాలకు దారి చూపే యంత్రాన్ని పెళ్లికూతురిలా ముస్తాబు చేసి మూలపడేసిన ఘనుణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. నేనే.

కోల్‌కతా విమానాశ్రయంలో కొత్తగా చేరిన రోజులవి. మబ్బుల్లో దిగే విమానానికి ఎంత వాలులో దిగాలో రేడియో తరంగాలతో చెప్పే యంత్రం మాది. అది నిజమే చెబుతోందా అని చూడ్డానికి అప్పుడప్పుడూ ఓ తనిఖీ విమానం వచ్చి, పదేపదే దిగబోయి లేస్తూ కొలుస్తుంది. యంత్రం బాధ్యత అప్పన్న బాబాయ్‌ది. మా నాన్నకు కిదిర్‌పూర్ ఓడరేవులో పనిచేసిన నాటి స్నేహితుడు. నెలాఖరుకు రిటైర్మెంట్.

"ఇదే నా ఆఖరి తనిఖీరా. మచ్చ లేకుండా ఎలిపోవాల" అన్నాడు.

ఖర్మ, ఆ రోజే విశ్వకర్మ పూజ. ఈ ఊళ్లో ఆ రోజు రిక్షా చక్రానికి కూడా దండ పడుతుంది. బాబాయ్ గది లోపలి యంత్రానికి బొట్టుపెట్టి సరిపెట్టాడు. నాకది చాలలేదు. బయటి యాంటెన్నా స్తంభానికి, ఎవరికీ చెప్పకుండా, వెండి తళుకు తోరణాలు చుట్టేశాను.

విమానం వచ్చింది. బాబాయ్ మొహం వాడింది.

"ఏటైంది బాబాయ్?"

"విమానంలో మీటరు ముల్లు వణుకుతోందంట. నిన్నటిదాకా బాగానే ఉంది కదేటి!"

పూజలో లోపమని నాకు తట్టింది. పరుగెత్తి ఇంకో తోరణం కట్టాను. ఈసారి ముల్లు మరీ గంతులేసింది. మీరు నవ్వండి, నేను మూడోది కూడా కట్టాను!

చివరికి రేడియోలో పైలట్ అడిగాడు: "రన్‌వే పక్కన ఏమిటా తళతళ?"

బాబాయ్ బయటికొచ్చి తలెత్తి చూశాడు.

"ఇదేటిరా?"

"పూజ, బాబాయ్... మీ ఆఖరి తనిఖీ కదా అని."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ తళుకు రేకు తగిలే తరంగాలు చెదిరిపోతన్నాయిరా" అంటూ తోరణం మీద చెయ్యేశాడు. ఇద్దరం కలిసి పీకేసేసరికి విమానం ఇంకో ఊరికి వెళ్లాల్సిన వేళైంది. యంత్రం ఫెయిల్. బాబాయ్ అలాగే రిటైరయ్యాడు.

మళ్లీ తనిఖీ జరిగిన రోజు ఫోన్ చేశాను. "బాబాయ్, పాసైంది. ఒక్క వంకా పెట్టలేదు."

ఆయన నవ్వాడు. "అయితే నీ పూజ ఊరికే పోలేదురా. ఫలితం నాను ఎల్లిపోయాక వొచ్చింది, అంతే."

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే విశ్వకర్మ సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో తళుకు కాగితం ముట్టను. నా పెళ్లి మండపానికి కూడా కట్టనివ్వలేదు. పిసినారి సంబంధమని మా అత్తగారు ఇప్పటికీ అనుకుంటోంది. అనుకోనివ్వండి.