సూరి చెయ్యి కోసం శ్రీకాకుళం

ఉదయం ఆరున్నరకు గజపతినగరంలో విజయనగరం బస్సెక్కాం, నేనూ నా బావమరిది సూరీ. కండక్టరు టిక్కెట్లిస్తుంటే సూరి ఎడమచెయ్యి చాపాడు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. రెండేళ్ల కిందట నేపాల్ యాత్రలో నలిగిపోయింది. దానికి నష్టపరిహారం అడగడానికే ఈ ప్రయాణం. యాత్ర బస్సు యజమానిది శ్రీకాకుళం కాబట్టి వకీలునూ అక్కడే కుదుర్చుకున్నాం.

ఆ యాత్రకు జనాన్ని పోగుచేసింది నేనే. బస్సు నింపినందుకు నాకు టిక్కెట్టు లేదు. కాశీ చూసుకుని నేపాల్ వెళ్లాం. తిరిగి దిగుతుంటే బస్సు కొండను రాసుకుపోయింది. కిటికీ పక్కన సూరి చెయ్యి బయటపెట్టుకుని ఉన్నాడు. ఆపరేషన్ చెయ్యాలనీ, కొన్నాళ్లు ఉండాలనీ, పోలీసులు వచ్చి రాసుకుంటారనీ అక్కడి ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాటలు విన్నది మేమిద్దరమే. నేనేమో బయల్దేరకముందే గంగ సమారాధనకు రోజు పెట్టి ఊరంతా పిలిచేశాను. కాశీ గంగ చెంబులు బస్సులో ఉన్నాయి. యాత్రకు వెళ్లినవాళ్లంతా ఒక్కసారే ఊళ్లో అడుగుపెట్టాలని మావైపు పట్టింపు. కట్టు కట్టించి సూరిని బస్సెక్కించేశాను. ఒక్క కాగితమూ తీసుకోలేదు.

సమారాధన పంక్తిలో మా ఆవిడ తమ్ముడికి ముద్దలు కలిపి పెట్టింది. ఆ వారంలోనే విశాఖపట్నంలో చెయ్యి తీసేశారు. ఇంటికి తీసుకుపొమ్మని తానే గోల చేశానని సూరి అక్కతో చెప్పాడు. నేను కాదనలేదు. ఆమె ఇప్పటికీ వాణ్ణే తిడుతుంది.

విజయనగరంలో ఇడ్లీ తింటుంటే ఆవిడ ఫోను.

"ఏటి, తిన్నావా? ఆడికి సట్నీ ఎక్కువెయ్యకు, సొక్కా మీద పోసుకుంటాడు."

"సెయ్యి పోనాది గానీ నోరు పోలేదని సెప్పు అప్పకి," అన్నాడు సూరి.

శ్రీకాకుళం బస్సులో పక్క సీటు చేపలావిడ వాణ్ణి ఎగాదిగా చూసి, "సెయ్యికేటైనాది బాబూ?" అంది.

"నేపాల్ దేవుడికి ఇచ్చేసొచ్చానమ్మా."

"సెయ్యడిగినాడేటి ఆడు? జుట్టుతో పోయేది కాదా!"

బస్సంతా నవ్వింది. సూరీ నవ్వాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పదకొండింటికి వకీలు గారు మమ్మల్ని లోపలికి పిలిచారు.

"ఇతను తనంతట తానే ఆసుపత్రి వదిలి వచ్చేశాడంటే యజమాని తప్పించుకుంటాడు," అన్నారాయన. "జనాన్ని పోగుచేసినవాడు యజమాని తరఫు మనిషే. అతను బలవంతాన తెచ్చాడంటేనే కేసు నిలబడుతుంది. అప్పుడు అతని మీద కూడా వెయ్యాలి. ఎవరు తెచ్చారు?"

"నానే బాబూ, ఇంటికెల్లిపోదారని గోల సేసేశాను," అన్నాడు సూరి వెంటనే.

"కాదండీ," అన్నాను. "ఇతను ఉండిపోదామనే అన్నాడు. పిలిచిన జనం ముందు మాట పోతుందని నేనే తెచ్చేశాను. నా పేరూ రాయండి."

సూరి లేచి నిలబడ్డాడు. "ఇప్పుడేటి పని బావా ఇది? అప్పకి తెలిస్తే ఊరుకుంటాదేటి?"

అయినా రాయించాను. నేను సంతకం చేశాను. చాలాసేపటికి సూరి ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. గెలుస్తామని వకీలు గారు చెప్పలేదు.

యాత్రలకు వెళ్లేవాళ్లకు ఒక మాట. పరాయి దేశంలో దెబ్బ తగిలితే ఆసుపత్రి కాగితం, పోలీసుల కాగితం అందేదాకా అక్కణ్ణుంచి కదలకండి. అంతకన్నా ముందు, తిరిగొచ్చే రోజు ఇదీ అని ఊరికి మాటివ్వకండి.

నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. విజయనగరంలో బస్సు మారేసరికి దీపాలు పెట్టారు. మా ఆవిడ ఫోను మోగింది.

"సెప్పకు బావా," అన్నాడు. "కాగితం మీద మాట కాగితం మీదే ఉండనీ."

చెప్పేశాను.

"ఆడు తిన్నాడా?" అంది.

"తిన్నాడు."

పెట్టేసింది. ఏ ఊరు వెళ్లినా నేను తిన్నానో లేదో అడగకుండా ఆమె ఎన్నడూ ఫోను పెట్టలేదు.

గజపతినగరంలో దిగేసరికి ఎనిమిది. సూరి నా సంచి కూడా ఎడమ భుజానికి తగిలించుకుని నడిచాడు. మా వీధి మొదట్లో ఆగాడు.

"నాను ముందెల్తాను. నువ్వు నా ఎనకాలే రా బావా."