లోగో కింది ఎర్ర చుక్కలు

ఆ ఎర్ర చుక్కల గురించి నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కెనడాలో, సస్కటూన్‌లో చదివానంటే చలి గురించి అడుగుతారు, అక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చిందా అని అడుగుతారు. నేను అక్కడ ఏం చూశానో ఎవరికీ అక్కర్లేదు. అడిగేదాకా ఆగుదామనుకున్నాను. ఇక ఆగను.

మనవాళ్లు విమానాల నిండా వచ్చి దిగుతున్న సంవత్సరాలవి. మేం ఐదుగురం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నలుగురు కాలేజీ డిప్లొమాలు చదువుతూ కాఫీ షాపుల్లో పార్ట్‌టైం చేసేవారు. నేనొక్కణ్నే యూనివర్సిటీ ల్యాబ్‌లో ఎలుకలతో మాస్టర్స్. వాటిని రిపోర్టర్ ఎలుకలంటారని నోరుజారిన రోజే నా పరువు పోయింది.

"ఏందిరా, ఎలుక రిపోర్టరా? ఏ ఛానల్ల చేస్తది?" అన్నాడు కరీంనగర్ వాడు.

గుర్తు కోసం వాటి చెవులకు చిన్న రంధ్రం పెడతామని చెబితే, చెవులు కుట్టించే ఫంక్షన్‌కు మమ్మల్నెందుకు పిలవలేదని ఇంకొకడు అలిగాడు. ఆ రోజు ఎవరు ఎంతసేపు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

నిజానికి ఆ పేరులో తప్పేం లేదు. కడుపు ఖాళీ అయితే ఒక హార్మోన్ మెదడుకు కబురు మోసుకుపోతుంది. ఆ కబురు అందుకునే నాడీకణాలు ఏవో మామూలుగా కంటికి తెలియవు. అందుకని జన్యువులు మార్చి, ఆ కణాలు మాత్రమే ఎర్రగా వెలిగేలా ఈ ఎలుకలను పుట్టిస్తారు. మెదడును పలుచటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఆకలి కబురు ఎక్కడెక్కడికి చేరుతుందో అక్కడక్కడ ఎరుపు కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం రిపోర్టర్ పనే కదా.

ఆ చుక్కలు కనబడిన రోజు బయట మంచు మీద ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. మైక్రోస్కోప్ గదిలో మాత్రం చీకటి. ముక్కు నుంచి మెడ వైపుగా నిలువునా కోసిన పొర అది. ఆకలికి మూలస్థానమని అందరికీ తెలిసిన చోట ఎరుపు గుత్తులు గుత్తులుగా ఉంది. పొరను జరుపుతూ వెనక మూలకు వచ్చాను. అక్కడ, శబ్దాలను మోసుకెళ్లే దారిలో, మా ల్యాబ్ మ్యాప్‌లో ఖాళీ అని ఉన్న చోట, చుక్కలు! గుప్పెడే, కానీ సన్నటి పోగులతో సహా స్పష్టంగా ఉన్నాయి. కుర్చీలో నిలవలేకపోయాను. ఆకలికీ చెవికీ సంబంధం ఉందా? ఎందుకుండదు? ఖాళీ కడుపుతో బేస్‌మెంట్‌లో పడుకుంటే, పై అంతస్తులో ఓనర్ ఆంటీ గరిటె కింద పెట్టినా నాకు వినిపించేది. తిన్నాక మిక్సీ వేసినా తెలిసేది కాదు.

ల్యాబ్ నడిపే మా ప్రొఫెసర్ మేడమ్ తర్వాత పెద్ద, పీహెచ్‌డీ ముగించి గుంటూరు నుంచి వచ్చిన పోస్ట్‌డాక్ అన్న. పిలుచుకొచ్చి చూపించాను. కూర్చోకుండానే వంగి చూశాడు.

"పక్కన వేసిన రంగు ఇటు కారుంటది తమ్ముడూ. కొత్తలో అందరికీ అన్నీ చుక్కల్లాగే కనబడతాయి."

కొత్తలో అన్న మాట నేను మరిచిపోలేదు. అదే ఈతలో పుట్టి, మార్చిన జన్యువు రాని ఎలుక ఒకటి ఉంది. దాని మెదడును అదే కత్తితో కోశాను, అవే రంగులు వేశాను, అదే వెలుతురులో పెట్టాను. రంగు కారడమే నిజమైతే ఇక్కడా చుక్కలు కనబడాలి. అంతా చిమ్మచీకటి. చీకటిని చూసి అంత సంబరపడ్డవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. జన్యువు వచ్చిన మిగతా ఎలుకల్లో వెతికితే, ప్రతిదానిలో అదే మూలన అవే చుక్కలు. జాకెట్ వేసుకోవడం కూడా మరిచి, మంచులో పక్క బిల్డింగ్‌లో ఉన్న అన్న దగ్గరికి పరుగెత్తాను. మీటింగ్‌లో చూద్దాంలే అన్నాడు.

మీటింగ్‌లో మేడమ్ నేను తీసిన ఆ పొర బొమ్మ చూసి ఇంట్రెస్టింగ్ అన్నారు. నేను పొంగిపోయాను. ఆమె మాత్రం తర్వాతి స్లైడ్‌కు వెళ్లమన్నారు. ఆ మాటకు అక్కడ అర్థం 'ఇక చాలు' అని నాకప్పటికి తెలియదు.

నా చదువు ముగిసే రోజుల్లో కారిడార్‌లో ల్యాబ్ పోస్టర్ పెట్టారు. నడుమ పెద్దగా ఎర్రటి మెదడు. దాని అంచున, పొరను ఎత్తేటప్పుడు నా కుంచె తగిలి చిరిగిన చోటు కనబడింది. నా బొమ్మే! పేరు కోసం చూడలేదు, ఆ వెనక మూల కోసం చూశాను. అక్కడ యూనివర్సిటీ లోగో ఉంది. సరిగ్గా నా చుక్కల మీద. గోటితో గీకి చూశాను, అతికించింది కాదు, అచ్చు.

"లోగోకి ఎక్కడో ఓ చోట జాగా కావాలి కద తమ్ముడూ, అక్కడేం లేదని పెట్టాం," అన్నాడు అన్న.

ఇప్పుడు వేరే ఊళ్లో వేరే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఎన్ని మెయిళ్లు పెట్టినా మేడమ్ నుంచి ఏటా కొత్త సంవత్సరం శుభాకాంక్షలే వస్తాయి, జవాబు రాదు. ఎలుక పుట్టకముందు ఎప్పుడో ఒకసారి కబురు అందుకున్న కణం కూడా, ఆ తర్వాత మళ్లీ కబురు అందకపోయినా, జీవితాంతం ఎర్రగానే ఉండిపోతుందని చదివాను. నా చుక్కలు అలాంటివేనేమో. అయితే ఆ మాటే చెప్పండి, ఒప్పుకుంటాను. పోస్టర్‌లో నా పేరు వేయమని అడగడం లేదు. మేడమ్, అన్నా, ఆ పొరలు మీ ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. తీసి చూడండి. పెద్దయిన ఎలుకలో ఆ కణాలు ఆకలి కబురు అందుకుంటున్నాయా, లేదా? అవునో కాదో మీ ఇద్దరిలో ఒకరు నాకు చెప్పాలి.